టెస్టుల్లో లాగిన్ అయినట్టు చూపించడం ఎలా? 214 టెస్టులకి 9 నిమిషాలు, పైగా ఒక భయం

బరంపురం_మగ్గం
జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) 5.2లో యాప్. మా ఊళ్లో ఒక పట్టు నేతగాళ్ల సంఘానికి రాస్తున్నాం. సభ్యుడు, గుమాస్తా, మేనేజరు అని మూడు రకాల యూజర్లు. ఎవరికెంత నూలు ఇచ్చారు, చీర మగ్గం మీంచి ఎప్పుడు దిగింది, కూలి ఎంత కట్టారు, అన్నీ అందులోనే. తెలుగు ఇళ్లూ ఒడియా ఇళ్లూ కలిసే ఉన్నాయి సంఘంలో.

మొదటి గొడవ టైముది. 214 టెస్టులు. ప్రతి దాని సెటప్‌లో ఒక యూజర్ని పుట్టించి, పాస్‌వర్డు పెట్టి, క్లయింటు లాగిన్ పిలుస్తున్నాను. మొత్తం తిరగడానికి 9 నిమిషాలు. ఒక అక్షరం మార్చి మళ్లీ నడపాలంటే విసుగొచ్చి నడపడమే మానేస్తున్నాం.

రెండోది భయం. మేనేజరు పేజీల టెస్టులు నా పార్ట్‌నరు రాశాడు, 31 ఉన్నాయి. నిన్న ఆ ఫైల్లో లాగిన్ లైను పొరపాటున కామెంటులో పడిపోయింది. అయినా 31కి 31 పచ్చగా వచ్చాయి! లాగిన్ లేకుండా మేనేజరు పేజీ ఎలా తెరుచుకుంటాది? బ్రౌజర్లో చూస్తే తెరుచుకోవట్లేదు, శుభ్రంగా లాగిన్ పేజీకే పోతోంది. కూలి బిల్లులు మంజూరు చేసే పేజీ అందులోనే ఉంది. రాత్రి నిద్ర పట్టలేదు.

సిరొంచ_రేవు
ముందుగాల టైం సంగతి చెప్త. నువ్వు ప్రతి టెస్టుకు పాస్‌వర్డు రెండుసార్లు హాష్ (వెనక్కి విప్పరాని రాతగ మార్చుడు) చేయిస్తున్నవ్ తమ్మీ. యూజర్‌ను పుట్టించేటప్పుడు ఒకసారి, లాగిన్‌ల సరిచూసేటప్పుడు ఇంకోసారి. జాంగో 4.2ల పీబీకేడీఎఫ్2 అనే హాష్ పద్ధతి డిఫాల్టుగ 6,00,000 సార్లు తిప్పేది. 5.2ల అది 10,00,000 అయింది. పాస్‌వర్డులు దొంగిలించినోనికి కష్టం కావాలని పెట్టిన్రు. ఆ కష్టం నీ టెస్టుకు ఎందుకు?

ఫోర్స్ లాగిన్ వాడు. 1.9 వెర్షన్ నుంచి ఉన్నది. యూజర్‌ను చేతికిస్తే చాలు, పాస్‌వర్డు అడగకుండ సెషన్ తయారు చేసి కుకీ క్లయింటుల వేస్తది. అక్కడినుంచి రిక్వెస్టు మామూలు తొవ్వలనే పోతది. మిడిల్‌వేర్లన్నీ (పేజీ కంటె ముందు రిక్వెస్టును చూసే కోడు ముక్కలు) నడుస్తయ్, యూజర్ డేటాబేసు నుంచే వస్తడు. యూజర్‌ను గూడ ప్రతి టెస్టుకు పుట్టియ్యకు. సెటప్ టెస్ట్ డేటాల క్లాసుకు ఒక్కసారి పుట్టిస్తే సరిపోతది.

కొరాపుట్_కాఫీ
రేవు అన్న చెప్పిందే. మాది 6 నిమిషాల నుంచి 40 సెకన్లకి దిగింది.

పర్లాకిమిడి_మేష్టారు
నేను ఒప్పుకోను. ఫోర్స్ లాగిన్‌తో పరీక్షించేది తలుపు లోపలి ఇంటినే. తలుపు సంగతి ఎవరు చూస్తారు?

మా ఊళ్లో ఒక గ్రంథాలయానికి సైటు రాశాను. సభ్యులు తమ పేరునే యూజర్ పేరుగా తెలుగులో పెట్టుకోవచ్చన్నాను, ఒడియావాళ్లు ఒడియాలో. టెస్టుల్లో క్రియేట్ యూజర్‌తో తెలుగు పేర్లు పెట్టి, ఫోర్స్ లాగిన్ చేసి, పుస్తకం తీసుకోవడం, తిరిగివ్వడం అన్నీ పరీక్షించాను. ఒక్కటీ పోలేదు. ప్రారంభించిన రోజు పొద్దున్న పిల్లలు వరసలో నిలబడ్డారు. రమణ అన్న పేరు తీసుకుంది. కమల తీసుకుంది. ఆ తర్వాత వచ్చిన పాప సీత. తీసుకోలేదు! దాని వెనకాల రామ్మూర్తి, తీసుకోలేదు. పేరులో చెల్లని అక్షరాలున్నాయని ఎర్ర గీత. ఆ పాప నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. తన పేరులో తప్పేముందో దానికి అర్థం కాలేదు.

సంగతేమిటంటే, జాంగో యూజర్ పేరును సరిచూసే నియమం పైథాన్ లెక్కలో "అక్షరం" అనిపించుకున్నదాన్నే ఒప్పుకుంటుంది. క, మ, ల, ర, ణ అక్షరాలే. గుడి, దీర్ఘం, కొమ్ము, పొల్లు ఆ లెక్కలో అక్షరాలు కావు, గుర్తులు. అందుకని గుణింతం తగిలిన ప్రతి పేరూ పోయింది. ఒడియా పేర్లదీ అదే గతి. క్రియేట్ యూజర్ ఆ నియమాన్ని నడపదు, ఫారమే నడుపుతుంది. నా టెస్టులు ఫారం గుమ్మం ఒక్కసారైనా తొక్కి ఉంటే మొదటి రోజే పట్టుకునేవాణ్ణి.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. ఆయన పేరే చెల్లదన్న ఫారాన్ని ఈ ఊళ్లో పెట్టానే అని చాలా బాధపడ్డాను.

గుణుపురం_నైట్‌షిఫ్ట్
మేష్టారూ, ఇది నాకు బొత్తిగా తెలీదు. ఇప్పుడే చూశాను, మా సైట్లోనూ ఇదే పరిస్థితి. ఎలా సరిచేశారు?

పర్లాకిమిడి_మేష్టారు
సొంత యూజర్ మోడల్ పెట్టుకుని, తెలుగు, ఒడియా యూనికోడ్ గడులు రెండింటినీ విడిగా చేర్చిన నియమం రాశాను. సవర పిల్లలు కూడా వస్తారు, వాళ్లు ఏ లిపిలో రాసినా పోకుండా చూసుకున్నాను. ఇప్పుడు ఆ టెస్టులో 20 పేర్లున్నాయి, సీతతో మొదలు.

సిరొంచ_రేవు
మేష్టారూ, మీ బాధ నాకు సమజైంది. గని తప్పు ఫోర్స్ లాగిన్‌ది కాదు గదా. నమోదు ఫారంకు ఒక్క టెస్టు రాస్తే అయిపోయేది. దానికోసం మగ్గం తమ్ముడు 214 సార్లు తలుపు కొట్టాల్నా?

పర్లాకిమిడి_మేష్టారు
214 సార్లు కొట్టమనలేదు. ఒక్కసారైనా కొట్టమంటున్నాను. ఫోర్స్ లాగిన్ అలవాటైనవాళ్లు ఆ ఒక్కసారి కూడా మానేస్తున్నారు. నేనూ మానేశాను కనకనే చెబుతున్నాను.

కొరాపుట్_కాఫీ
ఇద్దరూ ఒకే మాట అంటున్నారు కదండీ. తలుపుకి ఐదారు టెస్టులు నిజం తాళంతో: సరైన పాస్‌వర్డు, తప్పు పాస్‌వర్డు, ఆపేసిన ఖాతా, నమోదు, లాగౌటు. మిగతావన్నీ ఫోర్స్ లాగిన్.

బరంపురం_మగ్గం
రేవు అన్నా, చేశాను. గుమాస్తా, సభ్యుడు ఫైళ్లన్నీ మార్చాను. 9 నిమిషాలది 52 సెకన్లయింది! మేనేజరు ఫైలు మాత్రం ఇంకా ముట్టుకోలేదు. అదెందుకు పాసవుతోందో తెలీకుండా ముట్టుకోకూడదనిపించింది.

గుణుపురం_నైట్‌షిఫ్ట్
ఇంకా తగ్గించొచ్చు. టెస్టు సెట్టింగుల్లో పాస్‌వర్డ్ హాషర్ల జాబితాలో ఎండీ5 ఒక్కటే పెట్టు. నిజంగా లాగిన్ చేసే ఆ కొద్ది టెస్టులు కూడా చిటికెలో అయిపోతాయి.

కిన్వట్_టేకు
ఎండీ5? అదెప్పుడో తప్పుకున్న హాష్ కదా, దాన్ని ఎవరైనా వాడతారా?

గుణుపురం_నైట్‌షిఫ్ట్
టెస్టుకి మాత్రమే. టెస్టు డేటాబేసు పుడుతుంది, పోతుంది, అందులో కాజేయడానికేముంది? జాంగో వాళ్ల పత్రాల్లో కూడా ఈ సలహా ఉంది. కానీ ఆ లైను వేరే సెట్టింగుల ఫైల్లో ఉండాలి. నేను మునుపు పనిచేసిన చోట ఒకాయన దాన్ని ఉమ్మడి ఫైల్లో పెట్టేశాడు. ఆర్నెల్లు లైవులో కొత్త ఖాతాలన్నీ ఎండీ5తోనే పడ్డాయి. కనిపెట్టాక ఆ ఖాతాలవాళ్లందరిచేతా పాస్‌వర్డు మార్పించాల్సి వచ్చింది.

రాయగడ_అక్క
మగ్గం తమ్ముడూ, మేనేజరు ఫైల్లోంచి ఒక్క టెస్టు ఉన్నదున్నట్టు చెప్పు. ఏ అడ్రసు పిలుస్తున్నాడు, ఏం సరిచూస్తున్నాడు?

బరంపురం_మగ్గం
అక్కా, ఇలా ఉంది. సెటప్‌లో యూజర్ ఆబ్జెక్ట్స్ క్రియేట్ అని పిలిచి, పేరు, పాస్‌వర్డు ఇచ్చాడు. తర్వాత క్లయింటు లాగిన్, అదే పేరు, అదే పాస్‌వర్డు. టెస్టులో మంజూరు పేజీకి గెట్, ఫాలో ట్రూ అని పెట్టాడు. ఆఖర్న స్టేటస్ కోడు 200, అంటే పేజీ సరిగ్గా వచ్చిందని సరిచూశాడు. అంతే.

రాయగడ_అక్క
దొరికింది. రెండు తప్పులున్నాయి, ఒకదాన్ని ఒకటి కాస్తోంది.

మొదటిది: క్రియేట్ వాడాడు, క్రియేట్ యూజర్ కాదు. ఉత్త క్రియేట్ పాస్‌వర్డుని హాష్ చెయ్యదు, రాసింది రాసినట్టే గడిలో పడేస్తుంది. అందుకని లాగిన్ ఎప్పుడూ కుదరదు. క్లయింటు లాగిన్ ఎర్రరు ఇవ్వదు, ఊరికే ఫాల్స్ అని తిరిగొస్తుంది. దాన్ని ఎవరూ చూడలేదు. అంటే ఆ లైను కామెంటులో ఉన్నా, లేకపోయినా ఒకటే.

రెండోది: లాగిన్ లేదు కాబట్టి మంజూరు పేజీ 302తో లాగిన్ పేజీకి పొమ్మంది. ఫాలో ట్రూ ఉంది కాబట్టి క్లయింటు వెళ్లింది. లాగిన్ పేజీ హాయిగా తెరుచుకుంది, 200. టెస్టు పాస్. మీ 31 టెస్టులూ ఇన్నాళ్లూ లాగిన్ పేజీనే పరీక్షించాయి.

నమ్మకం లేకపోతే రెస్పాన్సులో రీడైరెక్ట్ చెయిన్ ప్రింట్ చేసి చూడు.

బరంపురం_మగ్గం
చూశాను అక్కా. లాగిన్ అడ్రసు, దాని వెనకాల నెక్స్ట్ ఈజ్ ఈక్వల్ టు మంజూరు పేజీ. 31 టెస్టులకీ అదే. చేతులు చల్లబడ్డాయి.

సిరొంచ_రేవు
అక్క శానా మంచిగ పట్టింది. నేనైతే ఇంకో గంట తిరిగేటోన్ని.

ధర్మాబాద్_మిర్చి
ఈ ముచ్చట వింటుంటే నాది యాదికొచ్చింది. మాది పేజీల యాప్ కాదు, ఏపీఐ, అంటే ఫోన్ యాప్‌కు డేటా ఇచ్చే సర్వరు. జాంగో రెస్ట్ ఫ్రేమ్‌వర్క్. మిర్చి యార్డుల అడత్‌వాళ్ల చీటీలు ఫోన్ల రాసుకుంటరు. లాగిన్ జేడబ్ల్యూటీ టోకెన్‌తోని, సర్వరు సంతకం పెట్టి ఇచ్చే గడువున్న గుర్తింపు బిళ్ల అసొంటిది.

టెస్టులల్ల అంతట ఫోర్స్ ఆథెంటికేట్ పెట్టినం. అది ఫోర్స్ లాగిన్‌కు చిన్న తమ్ముడు అనుకుంటరు చాలమంది, కాదు. సెషన్ ఉండదు, టోకెన్ ఉండదు. టోకెన్ చదివే కోడు మొత్తానికే నడవదు. "ఈ రిక్వెస్టు ఫలానోనిదే" అని చెప్పి నేరుగ అనుమతుల దగ్గర నిలబెడ్తది. అనుమతులు మాత్రం నిజంగనే సరిచూస్తది.

లైవుల పెట్టినంక యార్డు నుంచి ఫోన్ల మీద ఫోన్లు. "చీటీ రాస్తుంటే బయటకు తోస్తున్నది, మల్ల లాగిన్ అడుగుతున్నది." మిర్చి బస్తాలు కాంటా మీద ఉన్నయ్, హమాలీలు నిలబడ్డరు, రైతు నిలబడ్డడు, ఇతను ఫోన్‌ల పాస్‌వర్డు కొడుతున్నడు. మేం వాడిన సింపుల్ జేడబ్ల్యూటీల యాక్సెస్ టోకెన్ బతుకు డిఫాల్టుగ 5 నిమిషాలు. అది చచ్చినంక సర్వరు 401, అంటే "నువ్వెవరో మల్ల చూపియ్" అని చెప్పాలె, అప్పుడు ఫోన్ యాప్ రిఫ్రెష్ టోకెన్ పంపి కొత్తది తెచ్చుకుంటది, మనిషికి తెల్వనే తెల్వదు. మా సర్వరు 403 చెప్పింది. 403 అంటే "నువ్వెవరో తెలుసు, నీకు పర్మిషన్ లేదు". యాప్ అదే నమ్మి బయటకు పంపింది.

403 ఎందుకంటే, సెట్టింగులల్ల ఆథెంటికేషన్ క్లాసుల వరుసల సెషన్ ముందు ఉన్నది, జేడబ్ల్యూటీ తర్వాత. ఏ కోడు పంపాల్నో ఫ్రేమ్‌వర్క్ మొదటి క్లాసును చూసి తేలుస్తది. 401 పంపాల్నంటే దానితోని డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-ఆథెంటికేట్ అనే హెడరు పోవాలె, సెషన్ క్లాసుకు ఆ హెడరే లేదు, అందుకని 401ని 403 చేస్తది. వరుస మార్చినం, అయిపోయింది. రెండు లైన్లు కిందమీద చేసుడు! దానికోసం మూడు రోజులు యార్డోళ్లతోని మాటలు పడ్డం.

కొరాపుట్_కాఫీ
మరి ఇప్పుడు టెస్టు ఎలా రాశావు?

ధర్మాబాద్_మిర్చి
చీటీల లెక్కల టెస్టులు ఫోర్స్ ఆథెంటికేట్ మీదనే ఉంచిన. టోకెన్‌కు వేరే ఫైలు. నిజమైన టోకెన్ తయారు చేసి, క్రెడెన్షియల్స్ అనే దాంతోని ఆథరైజేషన్ హెడరుల పెట్టి పంపుత. ఒకటి మంచి టోకెన్, 200. ఒకటి అసలే లేకుండ, 401. ఒకటి గడువు తీరినది, 401. ఒకటి మధ్యల అక్షరం మార్చినది, 401. గడువుకు ఫ్రీజ్‌గన్ తోని గడియారం ఆరు నిమిషాలు ముందుకు జరుపుత.

రాయగడ_అక్క
మిర్చి అన్న చెప్పిన ఫోర్స్ ఆథెంటికేట్‌లో ఇంకో గుంట ఉంది. దానికి మీరిచ్చిన యూజర్ ఆబ్జెక్టే రిక్వెస్టులోకి వెళుతుంది, డేటాబేసు నుంచి కొత్తగా రాడు. ఆ ఆబ్జెక్టు మీద ఒకసారి పర్మిషన్ అడిగితే జవాబులు దాని లోపలే దాచుకుంటుంది. తర్వాత మీరు టెస్టు మధ్యలో కొత్త పర్మిషన్ ఇచ్చినా పాత జవాబే చెబుతుంది. రీఫ్రెష్ ఫ్రమ్ డీబీ పిలిచినా ఆ దాచుకున్నది పోదు. యూజర్ని మళ్లీ గెట్‌తో తెచ్చుకోవాలి. క్లయింటు లేకుండా ఉత్త రిక్వెస్టుని తయారుచేసే రిక్వెస్ట్ ఫ్యాక్టరీతో యూజర్ని చేత్తో తగిలించేవాళ్లకీ ఇదే.

ఫ్యాక్టరీ అన్నాను కాబట్టి అదీ చెప్పేస్తా. అందులో మిడిల్‌వేర్లు నడవవు. సెషన్ ఉండదు, మెసేజీలు ఉండవు. వ్యూని, అంటే పేజీని తయారుచేసే కోడుని, ఒంటరిగా పట్టుకుని చూడ్డానికి బావుంటుంది. లాగిన్ కాపలా సరిగ్గా ఉందా అని చూడ్డానికి మాత్రం క్లయింటే.

కిన్వట్_టేకు
మావోళ్లు జావా. స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్‌ల విత్ మాక్ యూజర్ (ఉత్తుత్తి యూజర్) అని టెస్టు నెత్తి మీద రాస్తే చాలు. ఏం ఇయ్యకపోతే పేరు యూజర్, పాస్‌వర్డు పాస్‌వర్డ్, రోల్ రోల్ అండర్‌స్కోర్ యూజర్. అసొంటి మనిషి డేటాబేసుల లేకున్న నడుస్తది.

ఆ లేకుంట నడుసుడే మమ్ముల ముంచింది. మా కోడు లాగిన్ అయినోడి తాలూకా ఏంది అని మా సొంత యూజర్ క్లాసులకెళ్లి తీసుకుంటది. మాక్ యూజర్‌ల తాలూకా ఎక్కడిది? క్యాస్ట్ కాడ పగిలింది. మావోడు టెస్టు పాస్ కావాలని అసలు కోడుల "తాలూకా లేకుంటే అన్ని తాలూకాలు చూపియ్" అని రాసిండు. టెస్టు పాసైంది. లైవుల తాలూకా నింపని పాత ఖాతాలకు జిల్లా మొత్తం రికార్డులు కండ్ల ముందట పడ్డయ్. విత్ యూజర్ డీటెయిల్స్ వాడితే మన సర్వీసు నుంచే నిజమైన యూజర్‌ను తెస్తది, ఈ పీడ ఉండకపోవు.

పర్లాకిమిడి_మేష్టారు
టేకు చెప్పింది జాగ్రత్తగా చదవండి అందరూ. టెస్టు కోసం అసలు కోడుని వంచారు. ఇంతకంటే పెద్ద తప్పు లేదు ఈ పనిలో.

కొరాపుట్_కాఫీ
మేష్టారు ఆ మాట అన్నారు కాబట్టి నాదీ చెబుతాను. మా నాన్నగారి ఫోన్లో ఒక సేవల యాప్ ఉంది, ఎవరో కాంట్రాక్టరు చేసింది, పేరొద్దు. ఓటీపీతో లాగిన్. మా కొండల్లో సిగ్నలు రాక ఓటీపీ అరగంటకి వస్తుంది. విసుగొచ్చి ఆయన ఆరు సున్నాలు కొట్టారు. లోపలికి వెళ్లిపోయింది! నేను నమ్మక నా నంబరుతో కొట్టాను, వెళ్లింది. మా పక్కింటాయన్ని అడిగి, ఆయన ఎదురుగానే, ఆయన నంబరుతో కొట్టాను. వెళ్లింది. ఆయన ఆధార్ కాపీ, భూమి కాగితాలు అన్నీ తెర మీద.

టెస్టు చేసేవాళ్ల సౌకర్యం కోసం పెట్టిన తలుపది, తియ్యడం మరిచిపోయారు. ఆ రాత్రే మెయిలు పెట్టాను. నాలుగో రోజుకి మూశారు.

అందుకే దొంగ లాగిన్ ఏదైనా టెస్టు ఫోల్డరులోనే ఉండాలి. ఫోర్స్ లాగిన్ నాకు నచ్చేది అందుకే, అది క్లయింటులో ఉంది, యాప్‌లో లేదు. "టెస్టు హెడరు వస్తే లోపలికి పంపు" అని యాప్‌లో రాసే ప్రతి ఇఫ్ ఒకరోజు లైవుకి పోతుంది.

గుణుపురం_నైట్‌షిఫ్ట్
మరి ఓటీపీని టెస్టు చెయ్యడమెలా? నిజం ఎస్సెమ్మెస్ పంపలేం కదా.

సిరొంచ_రేవు
పంపే ఫంక్షన్‌ను ఒక్కదాన్ని మాక్ చెయ్యి, అంటే దాని జాగల ఉత్తుత్తిది పెట్టు. ఓటీపీ పుట్టుడు, దాచుడు, గడువు, తప్పు కొడితే లెక్కపెట్టుడు అన్ని నిజంగనే నడవాలె. మాక్ దగ్గర ఏ అంకె వచ్చిందో తీసుకుని ఫారంల కొట్టు. మెయిల్ అయితే ఇంకా అల్కగ. జాంగో టెస్టులల్ల మెయిల్ బయటకు పోదు, ఔట్‌బాక్స్ అనే లిస్టుల పడ్తది. అందులకెళ్లి చదువుకో.

బరంపురం_మగ్గం
మేనేజరు ఫైలు మొత్తం తిరగరాశాను. క్రియేట్ యూజర్, ఫోర్స్ లాగిన్, ఫాలో తీసేశాను. 200తో ఆగకుండా పేజీలో సభ్యుడి పేరు, బిల్లు మొత్తం ఉన్నాయా అని కూడా చూస్తున్నాను. 31లో 4 ఎర్రబడ్డాయి. మూడు చిన్నవి, మొత్తాల కూడికలో పైసల తేడా.

నాలుగోదాని కోసమే రాస్తున్నాను. అక్క చెప్పిన దగ్గర్నుంచి మనసు ఊరుకోక, మంజూరు పేజీకి మేనేజరుతో కాకుండా గుమాస్తాతో ఫోర్స్ లాగిన్ చేసి కొట్టాను. 403 రావాలి. 200 వచ్చింది. వ్యూ మీద లాగిన్ రిక్వైర్డ్ ఒక్కటే ఉంది, పర్మిషన్ కాపలా లేనేలేదు. గుమాస్తా మెనూలో ఆ లింకు కనబడదు, అంతవరకే. అడ్రసు తెలిసినవాడు బిల్లు రాసి, తనే మంజూరు చేసుకోవచ్చు.

ఒక చీర మీద ఇంటిల్లిపాదీ రోజుల తరబడి కూర్చుంటారు. ఆ కూలి డబ్బు ఈ పేజీలోంచి పోతాది.

రాయగడ_అక్క
వెంటనే పర్మిషన్ రిక్వైర్డ్ పెట్టు. రెయిజ్ ఎక్సెప్షన్ ట్రూ మరిచిపోకు, లేకపోతే లాగిన్ అయి ఉన్నవాణ్ణి కూడా 302తో మళ్లీ లాగిన్ పేజీకే తోస్తుంది.

పర్లాకిమిడి_మేష్టారు
ముందు లైవులో సరిచెయ్యి, తర్వాత టెస్టులు. ఇన్నాళ్లూ ఎవరైనా వాడుకున్నారేమో లాగులు చూడు. సంఘం పెద్దలకి నువ్వే చెప్పు, ఇంకొకరి నోట వినకూడదు.

ధర్మాబాద్_మిర్చి
పేజీకి మూడు టెస్టులు పెట్టుకో అన్నా. లాగిన్ లేనోడు, లాగిన్ ఉండి హక్కు లేనోడు, హక్కున్నోడు. మన దగ్గర అందరం మూడోదే రాస్తం, తెరుచుకుంటె సంబరపడ్తం.

కిన్వట్_టేకు
నాలుగోడు గూడ ఉన్నడు. హక్కు ఉన్నది గని ఆ కాగితం వానిది కాదు. ఒక సభ్యుడు అడ్రసుల నంబరు మార్చి ఇంకో సభ్యుని ఖాతా చూస్తె?

బరంపురం_మగ్గం
అది ఉంది, వ్యూలోనే సొంత ఖాతాల్లో మాత్రమే వెతుకుతాం. వేరేవాళ్లది అడిగితే 404, అంటే అలాంటిది లేదని వస్తాది.

గుణుపురం_నైట్‌షిఫ్ట్
403 కదా రావాలి?

రాయగడ_అక్క
404 నయం. 403 అంటే ఆ నంబరు ఖాతా ఉందని చెప్పినట్టే కదా.

సిరొంచ_రేవు
పేజీలన్ని ఒక పట్టికల రాసుకో తమ్మీ. ఒక్కో అడ్రసు ముందట ఎవరికి ఏ కోడు రావాల్నో. సబ్‌టెస్ట్ పెట్టి లూపుల తిప్పు. ఒకటి పోయినా మిగిలినయ్ నడుస్తయ్, ఏది పోయిందో పేరుతోని చెప్తది. కొత్త పేజీ పెట్టి పట్టికల రాయకపోతే గూడ ఫెయిల్ అయ్యేటట్టు యూఆర్ఎల్‌ల జాబితతోని పోల్చు.

కొరాపుట్_కాఫీ
ఇంకోటి. టెస్టు క్లయింటు మామూలుగా సీఎస్ఆర్ఎఫ్ (వేరే సైటు మన పేరుతో దొంగ రిక్వెస్టు పంపకుండా చూసే కాపలా) చూడదు. మంజూరు బటన్‌కి ఒక్క టెస్టైనా ఎన్‌ఫోర్స్ సీఎస్ఆర్ఎఫ్ చెక్స్ ట్రూ పెట్టిన క్లయింటుతో రాయి.

బరంపురం_మగ్గం
నిన్న రాత్రి 11కి లైవులో కాపలా పెట్టేశాం. లాగులు మొత్తం తిరగేశాను. మంజూరు పేజీ గుమాస్తా ఖాతాతో రెండుసార్లు తెరిచారు, బటన్ నొక్కలేదు. పొద్దున్న సంఘానికి వెళ్లి పెద్దలకి అంతా చెప్పాను. కోప్పడ్డారు, పడాల్సిందే. తర్వాత ఆ గుమాస్తాని పిలిచి అడిగారు. మేనేజరుగారు పంపిన లింకు నొక్కానన్నాడు, పాత మెసేజీ చూపించాడు. నిజమే.

పట్టిక కూడా రాశాను. 47 అడ్రసులు, నలుగురు మనుషులు. ఒక్కటే కుదరట్లేదు. గుమాస్తా బిల్లు రాస్తాడు, మేనేజరు మంజూరు చేస్తాడు, మళ్లీ గుమాస్తా దాన్ని దిద్దబోతే కుదరకూడదు. ఆ మూడో మెట్టులో 403 బదులు 200 వస్తోంది.

రాయగడ_అక్క
ఒకే క్లయింటు వాడుతున్నావా?

బరంపురం_మగ్గం
అవునక్కా. మొదట గుమాస్తాతో ఫోర్స్ లాగిన్, మధ్యలో మేనేజరుతో.

రాయగడ_అక్క
రెండోసారి ఫోర్స్ లాగిన్ చేసేసరికి పాత సెషన్ పోయింది. మూడో మెట్టు ఎక్కింది గుమాస్తా కాదు, మేనేజరే. ఇద్దరికీ చెరొక క్లయింటు ఇవ్వు.

బరంపురం_మగ్గం
ఇచ్చాను. 403 వచ్చింది.

పర్లాకిమిడి_మేష్టారు
ఆ పట్టిక టెస్టు ఇక్కడ పెట్టు నాయనా, సంఘం పేరు తీసేసి. గ్రంథాలయానికి నాకూ కావాలి.

బరంపురం_మగ్గం
రాత్రికి పెడతాను మేష్టారూ. మీ 20 పేర్ల జాబితా కూడా పంపండి, మా సభ్యుల నమోదు ఫారంకి ఇంకా ఒక్క టెస్టూ లేదు.